కుట్టుపనికొక నెలవు



మన యిండ్లలో వంటకు గది కలదు. దేవునికి గూడు కలదు. పిల్లల పుస్తకములకు అఱ కలదు. కుట్టుపనికి మాత్రము నెలవు లేదు. సూది యొకచోట, దారమొకచోట నుండును. కత్తెర వంటయింటిలో కొత్తిమీర కోయుచుండును. మంచము క్రిందినుండి మిషను నీడ్చి కూర్చుండిన గడియకే భోజనముల వేళ యగును. మరల దానిని లోనికి ద్రోయవలసివచ్చును. సగము కుట్టిన రవిక నెలల తరబడి మూటలో నిద్రించును. ఇందుకు గృహిణిని సోమరి యనుట తగదు. చోటు లేనప్పుడు పని సాగదు. గోదావరిఖని కాలనీలలోని అక్కచెల్లెండ్రు పలువురు ఇట్టి చిక్కునే చెప్పికొనుచుండుటచే, ఈ మాసమున దీనినే గూర్చి వ్రాయుచున్నాను.

సూదిపని చిన్నపని యని తలచువారు గలరు. వాత్స్యాయనుడు చతుష్షష్టి కళలను లెక్కించుచు సూచీవానకర్మను వానిలో చేర్చెను. అమరసింహుడు బట్టలు కుట్టువానికి తున్నవాయుడు, సౌచికుడు అని రెండు పేర్లు చెప్పెను. అతుకుల బొంతను సంస్కృతమున కంథ యందురు. వంగదేశపు స్త్రీలు పాతచీరలతో కుట్టు కాంథాకు నేటికిని ఆ పేరే నిలిచినది. బౌద్ధుల వినయపిటకమున నొక కథ కలదు. మగధదేశమున గట్లతో విభజింపబడిన వరిమళ్ళను జూచి, చీవరమును అట్లు కుట్టగలవా యని బుద్ధుడు ఆనందుని నడిగెను. ఆనందుడు గుడ్డను తుండ్లుగా గోసి, మడులవలె పేర్చి, గట్లవలె అతుకులు వేసి తెచ్చెను. మన పెద్దపల్లి జిల్లాలోని ధూళికట్టయందు శాతవాహనుల నాటి బౌద్ధస్తూపము బయల్పడినది. అచట మసలిన భిక్షువులును అట్టి అతుకుల వస్త్రములనే ధరించియుందురు. కావున మన నాయనమ్మల బొంతకు వంశము చిన్నది కాదు.

ఇక మన సీమ సంగతి. గోదావరి యొడ్డున రామగుండము చుట్టును బొగ్గుగనులు తెఱచినది మొదలు, ఊళ్ళనుండి వచ్చిన కుటుంబములు చిన్నచిన్న క్వార్టర్లలో కాపురములు పెట్టినవి. పురుషుడు గనిలోనికి దిగును. స్త్రీ దిగుటకు చాలకాలము వీలులేకుండెను. 1952 నాటి గనుల చట్టము స్త్రీలు భూగర్భమున పనిచేయుటను నిషేధించెను. సాంకేతిక, పర్యవేక్షణ పనులకు సడలింపు 2019లో గాని రాలేదు. ఆ నడుమ ఆఱు దశాబ్దులకు పైగా గనికాలనీలో స్త్రీకి నాలుగు రూకలు తెచ్చిపెట్టిన త్రోవలలో సూది యొకటి. సింగరేణి సేవాసమితివారు కార్మిక కుటుంబముల స్త్రీలకు కుట్టుపని నేర్పుచున్నారు. స్వయంసహాయక సంఘముల ద్వారా ఋణము తీసికొని మిషను కొన్నవారును గలరు. విద్య నేర్చి, మిషను కొని, ఇంటికి వచ్చిన పిమ్మట ఎచట కూర్చుండి కుట్టవలయుననునది మాత్రము ఇంటివారే తీర్చవలసిన ప్రశ్న. అది తీఱక నేర్చిన విద్యను మఱచినవారు ప్రతి వీధిలోను నున్నారు.

మొదట చోటును గూర్చి చెప్పెదను. వేఱుగ గది యక్కఱలేదు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుగల మూల చాలును. అయితే ఆ మూల కుట్టుపనికే యుండవలయును. సగము పనిని సగముగానే విడిచి లేచిపోయి, మఱునాడు వచ్చి విడిచిన కుట్టునందే సూదిని దింపగలిగినచో అదియే కుట్టుగది. పని మొదలుపెట్టుటకును, సర్దుటకును పట్టు కాలము చాల యిండ్లలో కుట్టు కాలముకంటె నెక్కువ. ఆ వ్యర్థమును తప్పించుటయే నెలవు ఏర్పఱచుటలోని ప్రయోజనము.

ఆ మూల కిటికీ ప్రక్కనుండిన మేలు. కుడిచేతివాటము గలవారికి వెలుతురు ఎడమవైపునుండి రావలయును. లేనిచో చేతినీడ కుట్టుపై పడును. ఎడమచేతివాటము వారికి దీనికి మాఱుగ నుండవలయును. ఉత్తరపు కిటికీ శ్రేష్ఠము. ఎండ నేరుగా పడక వెలుతురు నిలకడగా నుండును. పడమటి కిటికీ మన వేసవికి పనికిరాదు. 45 డిగ్రీలు దాటు దినములలో ఆ మూల పొయ్యివలె నుండును, రంగుబట్టలును వెలిసిపోవును. రాత్రివేళ కుట్టువారు గది నడుమనున్న దీపమును నమ్మక, 9 వాట్ల ఎల్‌ఈడీ దీపము నొకదానిని సూదికి దగ్గఱగా ఎడమప్రక్కన అమర్చుకొనవలయును. నలుబది యేండ్లు దాటగానే చత్వారము వచ్చును. సూది బెజ్జము కనబడనిచో వెనుక తెల్లకాగితము పట్టి చూడుడు; అప్పటికిని కనబడనిచో అద్దములు పెట్టికొనుట కంటె వేఱు దారి లేదు. కన్నులను శ్రమపెట్టి కుట్టిన రవిక చౌకయని తలపరాదు.

చోటు తరువాత వేళ. గనిపనివాని యింట గడియారము ఇతరుల యింటివలె నడువదు. ఒక వారము మొదటి షిఫ్టు, ఒక వారము రెండవ షిఫ్టు, ఒక వారము రాత్రి షిఫ్టు. రాత్రియంతయు భూగర్భమున పనిచేసి తెల్లవాఱి వచ్చినవాడు పగలు నిద్రింపవలయును. రెండు గదుల యింటిలో మిషను చప్పుడు ఆ నిద్రను చెఱచును. నిద్రలేనివాడు గనిలోనికి దిగుట ప్రమాదము. కావున పనిని రెండుగా విభజించుకొనుడు. ఇంటివారు పనికిపోయిన వేళ మిషనుపని. నిద్రించు వేళ చేతిపని. కాజాలు, గుండీలు, అంచుమడతలు, బొంతకుట్టు, విప్పుట, కత్తిరించుట — ఇవన్నియు చప్పుడు లేని పనులు. షిఫ్టుల పట్టికను మిషను ప్రక్క గోడకు తగిలించుకొని, దానినిబట్టి బట్టలు ఇచ్చు గడువు చెప్పవలయును. అట్లు చేసినచో మాట తప్పవలసిన పని యుండదు. మిషను కాళ్ళక్రింద నాలుగు మడతల పాత గోనెసంచి పఱచినచో చప్పుడు చాలవఱకు తగ్గును.

మిషనును గూర్చి యొక మాట. ఐజాక్ సింగరు 1851లో అమెరికాయందు తన కుట్టుమిషనుకు పేటెంటు పొందెను. 1924లో రామచంద్రన్ అను విద్యార్థి యంత్రములను గూర్చి ప్రశ్నింపగా, గాంధీమహాత్ముడు ఈ మిషనును మాత్రము ప్రత్యేకముగా మినహాయించెను. భార్య చేతికుట్టుతో పడు శ్రమను జూచి, ఆమెపై ప్రేమచే సింగరు దీనిని కల్పించెనని ఆయన చెప్పెను. స్త్రీశ్రమను తగ్గించుటకు వచ్చిన యంత్రమును చీకటిమూలలో, ఎత్తు చాలని పీటయెదుట పెట్టి నడుము విఱుగగొట్టుకొనుట న్యాయమా? కూర్చుండినప్పుడు పాదములు నేలపైని గాని త్రొక్కుడు బల్లపైని గాని నిండుగ నానవలయును. మోచేతులు బల్లయెత్తునకు సరిగా నుండవలయును. వీపునకు ఆనిక యుండవలయును. అరగంట కొకసారి లేచి నాలుగడుగులు నడువవలయును. గుడ్డ కత్తిరించుటకు మిషనుబల్ల చాల తక్కువ యెత్తు. వంటయింటి గట్టు నడుమెత్తున నుండును గనుక, దానిని శుభ్రముగా తుడిచి, దుప్పటి పఱచి, నిలుచుండి కత్తిరించుట మేలు.

మనకు గల ప్రత్యేక శత్రువు బొగ్గుదుమ్ము. కిటికీ మూసినను వచ్చును. మిషనులోని నూనెతో గలిసి నల్లని ముద్దయై, షటిలు తిరుగు చోటును ఒఱసికొని అఱుగదీయును. దినమును పని ముగింపగానే బాబిను పెట్టెను తీసి, పాత పండ్లకుంచెతో లోపలి నూగును దుమ్మును దులుపవలయును. నూనె వేయుటకు ముందు తుడువవలయును గాని, దుమ్ముపైని నూనె వేయరాదు. మిషను నూనెయే వాడవలయును. కొబ్బరినూనె చలికాలమున గడ్డకట్టి, తరువాత జిగటయగును. నూనె వేసిన పిదప చింకిగుడ్డపై రెండు వరుసలు కుట్టినచో మిగులునూనె దానికి అంటుకొనును; మంచి బట్టకు మరక రాదు. పాతచీరతో మిషనుకు ముసుగు కుట్టి యెల్లప్పుడు కప్పియుంచుడు. తెల్లబట్ట కుట్టుటకు ముందు చేతులను మాత్రమే గాక బల్లను, త్రొక్కుడును గూడ తుడువవలయును. సూదిని ఎనిమిది పది గంటల కుట్టునకొకసారి మార్చుట మంచిది. పలుచని బట్టకు 11వ నంబరు, సామాన్యపు నూలుబట్టకు 14, మందపుబట్టకు 16, జీను బట్టకు 18 వాడుదురు.

ఇక సామానులు. కంపెనీ క్వార్టరు మన సొంతము కాదు. ఉద్యోగవిరమణ కాగానే విడువవలసినదే. కావున గోడలో పాతు అలమరలకు సొమ్ము వెచ్చింపక, ఎత్తుకొనిపోదగిన వానినే సమకూర్చుకొనవలయును. ఒక ట్రంకుపెట్టె, నాలుగు డబ్బాలు, తలుపు వెనుక తగిలించు అఱలసంచి — ఇవి చాలును. ట్రంకులో క్రింద కుట్టవలసిన బట్టలను, పైన కుట్టుచున్న బట్టలను ఉంచుడు. ఒక్కొక్కరి బట్టను ఒక్కొక్క సంచిలో వేసి, కొలతల చీటీని దానితోనే గ్రుచ్చినచో ఒకరి చేతులు మఱొకరి జాకెట్టున కెక్కవు. వేపాకు నీడన ఎండబెట్టి, పలుచని గుడ్డలో మూటగట్టి పెట్టెలో వేయుట మన పెద్దల వాడుక. వానకాలమున సూదులు త్రుప్పుపట్టును. సూదుల డబ్బాలో రెండు సుద్దముక్కలు వేసినచో చెమ్మను పీల్చును. బడిపంతులుగారి యిల్లగుటచే మా యింట సుద్దముక్కలకు కొఱత లేదు. గుడ్డపై గీతలు గీయుటకును అవియే మాకు పనికివచ్చుచున్నవి.

కత్తెరలు రెండుండవలయును. బట్ట కోయుదానితో కాగితము కోయరాదు. కాగితము దాని పదునును చంపును. పెద్దకత్తెరకు ఎఱ్ఱగుడ్డ పీలిక కట్టియుంచిన ఇంటిల్లిపాదికిని గుఱుతు తెలియును. ఓపెన్‌కాస్టు గనులకు దగ్గఱనున్న యిండ్లు పేలుళ్ళవేళ అదరుచుండును. అందుచే కత్తెరను, ఇస్త్రీపెట్టెను ఎత్తైన అఱపై నుంచరాదు. ప్రాకు బిడ్డ గల యింట సూదులను లెక్కపెట్టి తీసి, లెక్కపెట్టి పెట్టవలయును. పాత స్పీకరునుండి తీసిన అయస్కాంతమును దారము కట్టి నేలపై త్రిప్పినచో జాఱిన సూది దొరకును. ఈ లెక్కను ఒక్కదినమైనను మానరాదు.

ఇప్పుడు బొంత. దీనికి మిషను అక్కఱలేదు. పెద్ద చోటును ఒక్క మధ్యాహ్నమునకే కావలయును. సామాన్యమైన నూలుచీర 18 అడుగుల పొడవుండును. దానిని మూడు మడతలు చేసినచో 6 అడుగుల పొడవున మూడు పొరలగును. వెడల్పు నాలుగడుగులకు కొంచెము తక్కువ. కావున రెండు చీరలతో ఆఱు పొరల బొంత ఒక్కరికి సరిపోవును. ఇద్దఱు పడుకొనుదానికి నాలుగు చీరలు కావలయును. అంతకంటె మందము చేసినచో తడిసినప్పుడు పిండుట ఒక్క స్త్రీకి సాధ్యము కాదు. గంజి పోవునట్లు వేడినీట నుతికి, ఎండలో నిలువున ఆఱవేసిన చీరలనే వాడుడు. నూలు మాత్రమే వాడవలయును. 2017 మొదలు కొన్ని యేండ్లు ప్రభుత్వము పంచిన బతుకమ్మ చీరలలో పాలియెస్టరు నేత విరివిగా నుండెను. అట్టి చీరలు పొరల నడుమ జాఱిపోవును, చెమటను పీల్చవు. వానిని సంచులకు, ముసుగులకు వాడుకొనుడు.

భోజనములయిన తరువాత వసారాను కడిగి ఆఱనిచ్చి, పొరలను ఒకదానిపై నొకటి పఱచి, మూలలయందు పొత్రము వంటి బరువులు పెట్టవలయును. నడుమనుండి అంచులకు అఱచేతితో ముడుతలు పోవునట్లు రాయవలయును. ఆ పిమ్మట జానెడుదూరమున కొకటి చొప్పున నడుమనుండి వెలుపలికి కచ్చాకుట్టు వేయవలయును. ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురు నాలుగు వైపుల కూర్చున్నచో ఈ పని రెండుగంటలలో ముగియును. కచ్చాకుట్టు పడిన పిదప బొంతను చుట్టవచ్చును. కొంచెము కొంచెము విప్పి ఒడిలో పెట్టుకొని యెచటనైనను కుట్టవచ్చును. అసలుకుట్టు వరుసలు రెండు వ్రేళ్ళ యెడమున నుండిన చాలును. దారము మూరన్నర మించరాదు. బారెడు దారము తీసికొన్నచో చిక్కులు విప్పుటయే పనియగును.

కర్ణాటకలోని ఉత్తర కన్నడ సీమయందు ఆఫ్రికానుండి వచ్చినవారి సంతతియగు సిద్దీ స్త్రీలు కవంది యను బొంతను కుట్టుదురు. వారు అంచునుండి మొదలుపెట్టి చుట్టును తిరుగుచు నడుమకు వత్తురు. మూలలకు పువ్వులవలె గుడ్డమడతలు అమర్చుదురు. గోదావరి కావల మహారాష్ట్రులు గోధడి యందురు. బీహారున సుజని యందురు. పేరు మాఱినను పాతచీర మాఱలేదు.

అమెరికాలో అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను నూరు కలదు. పత్తితోటలలో బానిసలుగా మ్రగ్గిన నల్లవారి సంతతి అచట నివసింతురు. మిస్సోరి పెట్‌వే యను నామె 1942లో, భర్త మరణించిన తరువాత, అతని పొలముపని బట్టలను విప్పి బొంతగా కుట్టెను. అతనిని స్మరించుకొని కప్పుకొనుటకు ఆ బొంత. ఆ యూరి స్త్రీల బొంతలు 2002లో హ్యూస్టను నగరమునను, న్యూయార్కులోని విట్నీ మ్యూజియమునను ప్రదర్శింపబడి లోకమునకు తెలిసినవి. పనిబట్ట కొక చరిత్ర కలదని ఆమె యెఱుగును. మోకాళ్ళ యొద్ద వెలిసిన రంగు, జేబు విప్పినచోట నిలిచిన ముదురురంగు తునక, ఇవి ఎవరి శ్రమవో ఆ బొంతను కప్పుకొన్న బిడ్డకు తెలియును.

మన యిండ్లలోను గనిబట్టలు కలవు. పదవీవిరమణ నాటికి ఒక్కొక్క యింట మూట లుండును. వానిని పారవేయక ముందు వీపుభాగములను, పైచేతుల భాగములను పరీక్షింపుడు. అచట గుడ్డ గట్టిగా నుండును. వెలుపల దులిపి, చాకలిసోడా నీటిలో రాత్రి నానబెట్టి, నీరు తేటగా వచ్చునంతవఱకు వేడినీట జాడింపుడు. నూనె, గ్రీజు పట్టిన ముక్కలను విడిచిపెట్టుడు. నడుమ ఖాకీ చదరములు, చుట్టును ఇల్లాలి చీర అంచులు పెట్టి కుట్టిన బొంత అంగడిలో దొరకదు. క్వార్టరు విడిచి స్వగ్రామమునకు పోవునప్పుడు వెంట వచ్చు ముప్పదియేండ్ల బ్రతుకు అది.

తుదకు లెక్కను గూర్చి. కూలికి కుట్టువారు ఒక పుస్తకము నుంచవలయును. తేది, పేరు, గుడ్డ కొలత, గడువు, బయానా, కూలి అను ఆఱు గడులు గీసికొనుడు. దారము, సూదులు, గుండీలు, కరెంటు, నూనె ఖర్చును వేఱుగ వ్రాయుడు. ఖర్చు పోగా మిగిలినదే సంపాదన. బంధువుల బట్టలకు గూడ దారపు వెలయైనను తీసికొనుట తప్పు కాదు. ఊరక కుట్టినదానికి విలువ యుండదను మాట మన యాడవారు అనుభవముననే నేర్చినది. ఆ సొమ్మును తన పేరనున్న బ్యాంకు ఖాతాలో వేసికొనవలయును.

కొందఱు అత్తగారలు, "ఉన్న రెండు గదులలో దీనికొక మూలయా?" యని విసుగుకొనుట నేనెఱుగుదును. వారితో వాదింపనేల? మొదటి బొంతను వారికే కుట్టి యిండు. పుష్యమాసపు చలిలో తమ పాతచీరయే మెత్తగా మీదికి వచ్చినప్పుడు ఆ మూల ఎవరిదను ప్రశ్న యుండదు. ఇంటి పురుషులును ఒక సంగతి తలపవలయును. ఇల్లాలు దినమంతయు ఇంటిలోనే యుండును. అయినను తాను పెట్టినది తాను పెట్టినచోటనే యుండునట్టి జాగా ఆమెకు చాల యిండ్లలో లేదు. నాలుగడుగుల మూల యిచ్చుట పెద్ద దానము కాదు. బిడ్డల నడిగినను, గడపలో అడుగుపెట్టుచు వారు మొదట చూచునది అమ్మ కూర్చుండు చోటే యని చెప్పుదురు.

కాజాలు కుట్టు పద్ధతిని రాబోవు మాసమున వివరించెదను. అంతలో మీ యింటి మూలను తుడిచి సిద్ధపఱచుకొనుడు.